అమ్మమ్మా, ఆయమ్మా, డేకేరా: హైదరాబాద్‌లో పాపను ఎవరి దగ్గర వదలాలి?

అన్నప్రాసన రోజు పాప పుస్తకం పట్టుకుంటుందా, బంగారం పట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదీ చూస్తుంటే నా చూపు గోడ మీది క్యాలెండర్ మీద ఉంది. ఆఫీసులో చేరడానికి ఇంకా పదకొండు రోజులు. ఆడపిల్లకు బేసి నెలలో చేయాలని అత్తమ్మ ఐదో నెలలోనే ముహూర్తం పెట్టించారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టమని డాక్టరమ్మ చెప్పారు కాబట్టి ఒక్క మెతుకు నాలుకకు తాకించి ఊరుకున్నాం. ఆ ఆరు నెలలూ నేను ఇంట్లో ఉండే వీల్లేదు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. అది నిజంగా పెద్ద మేలు. కాకపోతే కాన్పుకు ముందు మూడు వారాలు వాడుకుంటే మిగిలేవి 23 వారాలు, అంటే అయిదు నెలల చిల్లర. పాపకు కూర్చోవడమైనా రాకముందే ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి.

మాది కేపీహెచ్‌బీ. నా ఆఫీసు రాయదుర్గంలో, మా ఆయన బ్యాంకు సికింద్రాబాద్‌లో. రెండున్నరేళ్లలో మేం మూడు దారులూ పట్టాం. మొదటి ఎనిమిది నెలలు మా అమ్మ, తర్వాత ఏడు నెలలు ఆయమ్మ, ఆ తర్వాత డేకేర్. ఏది మేలని అడిగినవాళ్లకు మొదట్లో నెలకు ఎంత అవుతుందో చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. పాపను చూసుకునే ఏర్పాటు చెయ్యిచ్చిన రోజులన్నీ, ఆ రోజు ఎవరు సెలవు పెట్టారో కూడా అందులో రాసుకున్నాం. ఫీజు రసీదుల కంటే ఆ కాగితమే నాకు ఎక్కువ నేర్పింది.

అమ్మ సంగతి ముందు చెప్తాను. హన్మకొండ నుంచి ఒక సూట్‌కేసు, ఒక పచ్చడి జాడీతో వచ్చింది. పైసా ఖర్చు లేదని మా చుట్టాలు మమ్మల్ని అదృష్టవంతులన్నారు. ఖర్చు ఉంది, కాకపోతే అది మేం కట్టలేదు. అక్కడ బాపు ఒక్కడే పొద్దున అన్నం వండుకుని, సాయంత్రం కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని తిన్నాడు. షుగరు పెరిగింది. ఇక్కడ అమ్మ నాలుగో అంతస్తులో, పక్కింటివాళ్ల పేరు కూడా తెలియని చోట, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా పాపతోనే ఉంది. అరవై ఒక్క ఏళ్ల మనిషి ఎనిమిది కిలోల బిడ్డను రోజుకు ఎన్నిసార్లు ఎత్తి దించుతుందో నేను లెక్కపెట్టలేదు. మోకాలు వాచిన సంగతి కూడా తను చెప్పలేదు. మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే చూశాను. అడిగితే, "ఇంకో నెల చూస్త బిడ్డా, దాని అడుగులు పడనీ" అంది.

పాపకు మాత్రం అంతకంటే మంచి రోజులు మళ్లీ దొరకవు. నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టి పోసిన స్నానాలు, పెసరపప్పు కట్టు, జోలపాటలు ఏ డేకేరూ ఇవ్వలేనివి. చెయ్యిచ్చిన రోజులు ఎనిమిది నెలల్లో 19. బాపుకు జ్వరం, రెండు పెళ్లిళ్లు, ఒక చావు. ఆ రోజుల్లో నేను సెలవు పెట్టాను, అయినా ఒక్కసారీ విసుక్కోలేదు, అమ్మను విసుక్కోలేం కదా. చిక్కంతా అక్కడే ఉంది. జీతం తీసుకునే మనిషి సెలవు అడుగుతుంది, మోకాలు నొప్పి అని చెప్తుంది, పని ఎక్కువైతే మానేస్తుంది. అమ్మకు ఇవేవీ చేయడం రాదు. అందుకే అమ్మమ్మనో నానమ్మనో పిలిపించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎత్తడం, దించడం, బట్టలు ఉతకడం వేరే మనిషికి అప్పగించండి. పెద్దావిడ పాపను కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎప్పటిదాకా అన్నది కూడా మొదటిరోజే అనుకోండి. గడువు లేకపోతే తానుగా వెళ్తానని ఆవిడ ఎప్పటికీ అనదు.

ఆయమ్మను ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నాం. కమీషన్ సగం నెల జీతం. మొదటి ఇద్దరూ నెల తిరక్కుండానే మానేశారు. మూడో ఆవిడ నిలిచింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు వరకు, నెలకు 18,000. పాప తన ఇంట్లోనే, తన ఉయ్యాల్లోనే ఉంటుంది, జలుబు చేసినా ఎవరూ తీసుకెళ్లమనరు. నేను సమావేశంలో ఇరుక్కుని పావుగంట ఆలస్యమైనా గేటు మూసుకుపోదు. ఈ సౌకర్యానికి డబ్బులు ఇవ్వచ్చనిపిస్తుంది. కానీ ఇంట్లో మరో పెద్దమనిషి లేకుండా, మాట రాని పిల్లను ఒకే ఒక్క మనిషి చేతిలో రోజంతా వదలడం నాకు చివరిదాకా అలవాటు కాలేదు. హాల్లో కెమెరా పెట్టాం, ఆవిడకు చెప్పే పెట్టాం. చెప్పకుండా పెట్టడం తప్పని నా ఉద్దేశం.

ఏడు నెలల్లో చెయ్యిచ్చినవి 17 రోజులు. మొదట్లో అవి ఆయమ్మ నాగాలని రాసేదాన్ని. ఒకరోజు కూర్చోబెట్టి అడిగాక లెక్క మారింది. ఆవిడది బోరబండ. మూడున్నరేళ్ల కొడుకు అంగన్‌వాడీకి వెళ్తాడు. అక్కడ అన్నం, గుడ్డు పెడతారు, ఆటపాటలు నేర్పుతారు. అది మూసే వేళకు తల్లి మా ఇంట్లో ఉంటుంది. ఏడో తరగతి చదివే కూతురు బడి నుంచి వచ్చి తమ్ముడిని తెచ్చుకుని, రాత్రి ఎనిమిదిన్నర దాకా చూసుకుంటుంది. ఆ పిల్లకు పరీక్షలున్నా, జ్వరమొచ్చినా, అంగన్‌వాడీకి సెలవైనా మా ఇంటికి ఆయమ్మ రాదు. 17లో 12 రోజులు అవే. అంటే మా పాపను చూసుకునే ఏర్పాటుకు ఆసరా పన్నెండేళ్ల పిల్ల. అది తెలిశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అంగన్‌వాడీలు 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద వచ్చాయి. పౌష్టికాహారం, టీకాలు, బడికి ముందు చదువు వాటి పని. పనికెళ్లే తల్లి ఇంటికి చేరే వేళను లెక్కలోకి తీసుకుని పెట్టినవి కావు. అంగన్‌వాడీలోనే రోజంతా పిల్లలను చూసుకునే క్రెష్ కూడా నడపాలని కేంద్రం మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పథకం పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం. అలాంటిది ఆయమ్మ ఉండే బస్తీలో లేదు. ఉండి ఉంటే ఆవిడ కొడుక్కీ, కూతురి చదువుకీ, నా ఉద్యోగానికీ ఒకేసారి మేలు జరిగేది. ప్రసూతి సెలవు నిబంధన పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ఆఫీసులకు, దుకాణాలకు వర్తిస్తుంది కానీ ఇంటికి వర్తించదు. అందుకని ఆయమ్మకు సెలవు ఎలా ఇవ్వాలన్నది పూర్తిగా మన చేతిలో పని. ఆదివారాలు కాక నెలకు మూడు రోజులు జీతంతో సెలవు రాసిచ్చాం. అప్పటి నుంచి చెప్పాపెట్టకుండా మానడం ఆగిపోయింది. ముందే చెప్పేది, మేం సర్దుకునేవాళ్లం.

పాపకు ఏడాదిన్నర దాటాక డేకేర్. మొదట తేల్చుకోవాల్సింది ఫీజు కాదు, ఇంటి దగ్గరా ఆఫీసు దగ్గరా అన్నది. ఆఫీసు దగ్గరయితే మధ్యాహ్నం వెళ్లి చూడొచ్చు, ఏదైనా అయితే పది నిమిషాల్లో చేరొచ్చు. కానీ పిల్ల రోజూ మనతోపాటు ఆ ట్రాఫిక్‌లో రెండు పూటలా ప్రయాణం చేయాలి. నేను సెలవు పెట్టినా, ఇంటి నుంచి పనిచేసినా అక్కడికి మోసుకెళ్లాలి. పైగా తీసుకురాగలిగేది నేనొక్కదాన్నే. మేం ఇంటి దగ్గరే చూశాం. మా ఆయన మెట్రోలో వస్తారు, సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి కేపీహెచ్‌బీలో దిగుతారు. రోడ్డు మీద ఏమైనా మెట్రో ఆగదు. జూలైలో ఒక సాయంత్రం వానకు సైబర్ టవర్స్ దగ్గర నా క్యాబ్ గంటసేపు కదల్లేదు. ఆరున్నరకు తేవాల్సిన పిల్లను ఆయన ఆరూ నలభైకి తెచ్చేశారు. ఆఫీసు దగ్గర చేర్చి ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఊహించుకోలేను.

ఆఫీసులోనే క్రెష్ ఉంటే అది వేరే మాట. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రానివ్వాలి అని 2017 సవరణలోనే వచ్చింది. పాలిచ్చే తల్లికి దీన్ని మించింది లేదు. కానీ అది అదే భవనంలోనో, నడిచి వెళ్లే దూరంలోనో ఉండాలి. నేను అప్పుడు పనిచేసిన కంపెనీ రెండు కిలోమీటర్ల అవతలి డేకేర్‌తో ఒప్పందం చేసుకుని సగం ఫీజు కడతామంది. రెండు కిలోమీటర్లు మాదాపూర్‌లో నాలుగుసార్లు వెళ్లొస్తే ఇక పని ఎప్పుడు చేయాలి? హెచ్‌ఆర్‌ను తప్పక అడగండి, అడిగినప్పుడు సగం ఫీజుతో పాటు దూరం కూడా అడగండి.

మేం కట్టేది నెలకు 14,000, భోజనానికి 2,500, చేరేటప్పుడు తిరిగిరాని 10,000. ఆరున్నర దాటితే ప్రతి పావుగంటకు 100. కరపత్రంలో కెమెరాలు, రంగుల గోడలు, ఏసీ గురించి రాస్తారు. నేను చూసింది ఒక్కో మనిషికి ఎంతమంది పిల్లలు అని. మూడేళ్ల లోపు పిల్లలకు పదిమందికి ఒక మనిషి ఉండాలని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. నా మాట అడిగితే పది చాలా ఎక్కువ. ఇద్దరు ఒకేసారి ఏడిస్తే ఒకరు ఏడుస్తూనే ఉంటారు. మేం చేర్చినచోట అయిదుగురికి ఒకరు. ఇంకో పని కూడా చేశాం. పొద్దున పదకొండుకు కాక సాయంత్రం పావు తక్కువ ఆరుకు, చెప్పకుండా వెళ్లాం. అందరూ అలసిపోయి, పిల్లలు గుమ్మం వైపు చూసే వేళ అది. అప్పుడు అక్కడి అక్క ఒళ్లో పిల్ల ఉందా, చేతిలో ఫోన్ ఉందా అని చూశాం.

ఏడాదిలో డేకేర్ తనంతట తాను మూసింది పండుగ సెలవులకే. పాపకు బాగాలేక మానిన రోజులు 23. వాటిలో 14 మొదటి రెండు నెలల్లోనే. జలుబు, జ్వరం, నోట్లో, చేతుల మీద పొక్కులు, మళ్లీ జలుబు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. ఈ రెండు నెలల సంగతి ముందే తెలియక చాలామంది డేకేర్ పడలేదని మాన్పించేస్తారు. అప్పటికి కాస్త సెలవు కూడబెట్టుకుని, వానాకాలం కాని నెల చూసి చేర్చడం మంచిది.

ఆ మొదటి పద్నాలుగు రోజుల్లో పదకొండు నేనే సెలవు పెట్టాను. కాగితం మీద నా పేరు వరుసగా చూసి మా ఆయనే కలం తీసుకుని తర్వాతి వాటికి తన పేరు రాసుకున్నారు. డబ్బు విషయంలోనూ అదే జరిగింది. "నీ జీతంలో మూడోవంతు డేకేర్‌కే పోతుంటే ఉద్యోగమెందుకమ్మా" అని పెళ్లిళ్లలో అడుగుతారు. పాప ఇద్దరి బిడ్డ అయినప్పుడు ఆ 16,500ను నా జీతంలోంచే ఎందుకు తీసేయాలి? ఇప్పుడు ఇద్దరి జీతాల నుంచీ జీతాల నిష్పత్తిలో తీస్తున్నాం. మూడేళ్లు మానేస్తే ఆ మూడేళ్ల జీతంతోపాటు పీఎఫ్, ఇంక్రిమెంట్లు, తిరిగి చేరేటప్పుడు అడిగే ధైర్యం కూడా పోతాయి. ఆ ఫీజు కట్టాల్సింది మాత్రం మూడు నాలుగేళ్లే.

ఇప్పుడు నన్నడిగితే, ఏడాది లోపు బిడ్డకు ఆఫీసు భవనంలో క్రెష్ ఉంటే అదే. లేకపోతే పెద్దావిడ, ఆవిడకు సాయంగా ఆయమ్మ, ఇద్దరూ కలిసి. ఖర్చు ఎక్కువే, ఆ ఏడాదికి అప్పు చేసినా తప్పు లేదనుకుంటాను. ఏడాదిన్నర దాటాక ఇంటి దగ్గరి డేకేర్. అప్పుడు అమ్మమ్మ కాపలాకి కాక, చుట్టపుచూపుగా రావచ్చు. ఒంటరిగా పెంచే తల్లికో తండ్రికో ఆయమ్మ ఒక్కదాని మీద ఆధారపడమని నేను చెప్పలేను. ఆవిడ రాని రోజు తలుపు తట్టడానికి ఇంకెవరూ ఉండరు.

రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు మాత్రం ఈ పోలికలో ఏదీ పనికిరాదు. మా కింది అంతస్తులో ఉండే నర్సు వారంలో మూడు రాత్రులు రెండేళ్ల బాబును మా ఇంట్లో పడుకోబెట్టి వెళ్తుంది. మేం చూసిన డేకేర్లలో ఏడు గంటల తర్వాత తెరిచి ఉండేది ఒక్కటీ లేదు. పాప, ఆ బాబు ఒకే దుప్పటి కింద పడుకుంటారు. పొద్దున ఎనిమిదింటికి ఆమె వచ్చేసరికి నేను రెండు టిఫిన్ డబ్బాలు కట్టి ఉంచుతాను.