రొయ్యల చెరువుల మధ్య పగడాల తొట్టి: నాలుగేళ్లు పెంచాక నా మాట

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు పంటకాలువ, ఇంటి వెనక వనామీ చెరువులు. హాల్లో పగడాల అక్వేరియం పెడతానన్నప్పుడు మా నాన్నగారు, "ఒరేయ్, ఇంటి చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు చాల్లేదా?" అన్నారు. 2021 డిసెంబరులో నీళ్లు నింపాను. నాలుగేళ్లు దాటింది. మధ్యలో ఒకసారి చేపలు తప్ప దాదాపు అన్నీ పోయాయి, మళ్లీ మొదటి నుంచి పెంచుకొచ్చాను. పెట్టాలా వద్దా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా.

నా తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు, ఎత్తు 18 అంగుళాల చొప్పున. లెక్కకి 127 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నికరంగా పట్టేది వంద లీటర్ల నీళ్లు. చిన్నది కదా, తేలిగ్గా నడిచిపోతుంది అనుకున్నాను. తప్పు. చిన్న గుంటలో నీరు ఎంత త్వరగా తిరగబడుతుందో మన వైపు రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు, అయినా ఆ ముక్క నాకు తొట్టి దగ్గర గుర్తు రాలేదు. డబ్బూ చోటూ ఉంటే మూడడుగుల తొట్టే తీసుకోండి.

పగడాలు అనగానే చాలామంది గట్టి పగడాలే అనుకుంటారు. అవి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలు 1లో ఉన్నాయి. సముద్రంలోంచి ముక్క విరిచి తెచ్చుకోవడం నేరం. నేను వాటి జోలికే పోలేదు. జోయాంథిడ్లు, మష్రూములు, గ్రీన్ స్టార్ పాలిప్, ఒక టోడ్‌స్టూల్ లెదర్ పెంచుతున్నాను. అన్నీ మెత్తని జాతులే, అదీ ఇళ్లలో పెంచేవాళ్ల దగ్గర కోసి ఇచ్చిన ముక్కలే. రాళ్లు కూడా ఎండు రాళ్లే కొన్నాను, నీళ్లు శుభ్రం చేసే బాక్టీరియా వాటి మీద ముందే ఉండదు. అందుకే అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి దిగడానికి 45 రోజులు పట్టింది. ఆ నెలన్నరా ఖాళీ నీళ్లకి లైటు వేసి చూస్తున్నానని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు.

అంతర్వేది ఎంతో దూరం లేదు కదా, నీళ్లు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చుగా అని అడుగుతారు. నాకూ అదే బుద్ధి పుట్టింది. నవంబరులో క్యాను పట్టుకెళ్లి చూస్తే సెలైనిటీ (నీళ్లలో ఉప్పు) 19 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకి 19. పగడాలకి కావలసింది 35. పైగా టీ రంగులో ఒండ్రు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఇంతకన్నా ఏం ఉంటుంది? ఈ మంచినీళ్లు, ఈ బురద వల్లే కదా మన తీరంలో పగడపు దిబ్బలు లేనిది. అవి మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నాయి. కాబట్టి అక్వేరియాలకి అమ్మే సముద్రపు ఉప్పు బస్తా కొని కలుపుకోవడమే. లీటరుకి సుమారు 35 గ్రాములు. వారానికి పది లీటర్లు మారుస్తాను.

ఉప్పు కలిపే నీళ్లతో ఇంకో తంటా. మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. కాలువ నీళ్లలో ఏముంటుందో మీకు తెలుసు. ఊళ్లో వాటర్ ప్లాంటు 20 లీటర్ల క్యానులో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెడితే ఒక రోజు 45, ఒక రోజు 110. మొదటి ఏడాది ఆ క్యాన్లతోనే నడిపితే గోధుమరంగు పొర, దాని వెనకే జుట్టులా పచ్చనాచు. చివరికి, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ ఉన్న చిన్న ఆర్‌ఓ యూనిట్ పెట్టాకే నాచు తగ్గింది. మా నీళ్లకి రెసిన్ త్వరగా అయిపోతుంది, నాలుగు నెలలు వస్తే గొప్ప. రోజూ ఆవిరయ్యే లీటరున్నర బదులు పోసేది మాత్రం ఉప్పు కలపని నీళ్లే. ఉప్పు ఆవిరి కాదు కదా.

సెలైనిటీ చూడ్డానికి నాన్నగారి రిఫ్రాక్టోమీటరే వాడాను. చెరువులో పది పన్నెండు దగ్గర అది బాగానే చెబుతుంది. పైన, 35 దగ్గర, దాని మాట వేరే. మంచినీళ్లతో సున్నాకి సరిచేసి కూర్చున్నాను, 35 పీపీటీ ద్రావణం తెప్పించి చూస్తే రెండు పాయింట్లు తేడా. ఏడు నెలలు ఆ తప్పు నీళ్లలోనే పెంచాను.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది వేడి. 25, 26 డిగ్రీలు వాటికి హాయి. 30 దాటి కొన్నాళ్లు నిలిస్తే లోపల ఉండే సూక్ష్మ నాచుని పగడం వదిలేసుకుంటుంది, తెల్లబోతుంది. దాని తిండిలో ఎక్కువ భాగం ఆ నాచు వెలుతురుతో వండి పెట్టేదే. 2022 మేలో నా తొట్టి 32కి ఎక్కింది. చిన్న ఫ్యాన్లు పెట్టుకోండి, మూడు డిగ్రీలు దిగుతుందని హైదరాబాదు మిత్రులు చెప్పారు. పెట్టాను. పడమటి గాలి పొడిగా కొట్టే రోజుల్లో నిజంగానే దిగింది. సాయంత్రం సముద్రం వైపు గాలి తిరిగి ఉక్క మొదలైతే ఒక్క డిగ్రీ కూడా దిగదు. గాలే తడిసి ఉంటే నీరు ఇంక ఎక్కడికి ఆవిరవుతుంది? మన డెల్టాకి ఫ్యాన్ల సలహా సగమే పనికొస్తుంది. ఆ జూన్‌లో నీళ్లని చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొన్నాను, ఒక్క దానికే 31 వేలు. ముందు అటక కింద మూల పెడితే అది వదిలే వేడి అక్కడే తిరిగి, ఆగకుండా నడిచింది. కిటికీ దగ్గరికి జరిపాక బిల్లు తగ్గింది. హీటరు మాత్రం భోగి ముందూ వెనకా మూడు వారాలు తప్ప వెలగలేదు. దండగ.

ఇక నా తెలివితక్కువ సంగతి. 2023 ఆగస్టులో నీళ్లు మార్చబోతే నా బకెట్టు కనపడలేదు. గోడ పక్కనున్న నీలం బకెట్టు కడిగి వాడేశాను. మర్నాటికి నత్తలు బోర్లా పడ్డాయి, క్లీనర్ రొయ్య చచ్చిపోయింది. జోయాంథిడ్లు మూసుకుపోయి మళ్లీ విచ్చుకోలేదు. క్లౌన్ చేపలు రెండూ మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతున్నాయి, అందుకే రెండు రోజులు నాకు ఏమీ అంతుపట్టలేదు. అమోనియా సున్నా, ఉప్పు సరిగ్గానే ఉంది. చివరికి నాన్నగారే, "ఆ బకెట్టులో మైలుతుత్తం కలిపాం కదరా, చేపల చెరువులో నాచుకి" అన్నారు. రాగి. చేపలు కొంత తట్టుకుంటాయి, వెన్నెముక లేనివి తట్టుకోలేవు. యాక్టివేటెడ్ కార్బన్ వేశాను, రాగిని పట్టే మీడియా వేశాను, ఇసుక మొత్తం తీసేశాను, రాళ్లు కూడా సగం మార్చాను. మష్రూములు రెండు మిగిలాయి. ఇప్పుడు తొట్టి బకెట్లన్నీ ఎర్రవి, అమ్మకి కూడా వాటి మీద చెయ్యి వేసే హక్కు లేదు.

చెరువు తెలివి ఎక్కడా పనికిరాలేదని కాదు. చెరువుల్లో ప్రోబయాటిక్‌కి బెల్లం, తవుడు పులియబెట్టి చల్లుతారు కదా, ఇక్కడ నైట్రేటు పెరిగినప్పుడు వెనిగర్ చుక్కలు వేస్తారు. సూత్రం ఒకటే, బాక్టీరియాకి కార్బన్ పెడితే అది నైట్రేటు తిని పెరుగుతుంది, దాన్ని స్కిమ్మర్ (నురగ పుట్టించి మురికి తీసే పరికరం) నురగలో లాగేస్తుంది. మా చెరువు కొలతల ధైర్యంతో ఒకేసారి ఎక్కువ పోశాను, తెల్లారేసరికి నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ సీను చూడగానే ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఎయిర్ పెట్టాం, గట్టెక్కింది. సున్నం మాత్రం వద్దు. గట్టి పగడాలు పెంచేవాళ్లు సున్నపు తేట పోస్తారని విని, చెరువు అలవాటు కొద్దీ నేనూ పోస్తే అల్కలినిటీ (నీటి క్షారత) డీకేహెచ్ కొలతలో 8 నుంచి 11కి పోయింది, లెదర్ మూడు వారాలు ముడుచుకుంది. మెత్తని జాతులకి నీళ్లు మార్చడమే సరిపోతుంది.

కరెంటు సంగతి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు 38 గంటలు కరెంటు లేదు. లైటు లేకపోతే పగడాలకి రెండు రోజులు ఏమీ కాదు. నీరు కదలకపోతేనే ప్రమాదం. ఇన్వర్టరు మీద నీళ్లని కదిపే వేవ్‌మేకర్ ఒక్కటే వదిలాను, అది దిగిపోయాక బ్యాటరీ ఎయిర్ పంపు, మధ్యమధ్య చెంబుతో ఎత్తి పోయడం. గాలివానకి చల్లబడింది కాబట్టి చిల్లర్ అక్కర్లేకపోయింది. ఒక్క ముక్క కూడా పోలేదు. అదే మేలో అయితే ఇలా రాసేవాణ్ని కాదు.

కొనేముందు ఒకటి గట్టిగా చెబుతాను. కొన్ని జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, చాలా ప్రమాదకరం. ముక్కలు కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే. ఆ రాళ్లని వేడినీళ్లలో వేసి మరిగించకండి, ఆవిరి పీలిస్తే ఆసుపత్రి పాలవుతారు. అమ్మేవాళ్లు ఈ మాట నాకు చెప్పలేదు.

గ్రీన్ స్టార్ పాలిప్‌ని విడిగా ఒక రాయి మీద పెట్టండి. నేను మధ్యలో పెట్టాను, కాలువలో గుర్రపుడెక్కలా అద్దం మీదికి కూడా పాకేసింది. లెదర్ అప్పుడప్పుడూ ముడుచుకుని మైనంలాంటి పొర వదులుతుంది. చచ్చిందని పారేయకండి, పాము కుబుసం విడిచినట్టే అది.

లెక్కలు అడుగుతారు కదా. మొదట పెట్టింది లక్షకి కాస్త తక్కువ. ఇప్పుడు నెలకి ఉప్పు, రెసిన్, టెస్ట్ కిట్లు కలిపి 1,500 దాకా, వేసవిలో కరెంటు పైన ఇంకో 700. మద్రాసు నుంచి రాత్రి బస్సులో వచ్చే పార్సిళ్లలో మొదట్లో మూడోవంతు చచ్చి వచ్చేవి. ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా ఏమీ తెప్పించను. క్లౌన్ చేపలు మాత్రం హ్యాచరీలో పుట్టినవే అడగండి. వాటిని పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు ఎప్పుడో సాధించారు, సముద్రంలో పట్టినవాటికన్నా మేతకి త్వరగా అలవాటు పడతాయి.

మొదలుపెట్టేవాళ్లు కార్తీకం వెళ్లాక నీళ్లు నింపండి. సంక్రాంతి దాటేసరికి సైకిల్, అంటే అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి దిగడం, పూర్తవుతుంది, మొదటి ముక్కలకి రెండు చల్లని నెలలు దొరుకుతాయి. చిల్లర్ డబ్బులు అప్పటికే పక్కన పెట్టి ఉంచండి, ఏప్రిల్లో వెతుక్కుంటే భీమవరంలో దొరకదు.