అమ్మ భాషను రంగస్థలం ఎక్కించడం: ‘ఇంగ్లిష్’, ‘కౌంటింగ్ అండ్ క్రాకింగ్’లలో ఏది మేలు?

నాటకం రాసేది ఇంగ్లిషులో. పాత్రలు మాత్రం ఇంట్లో ఫార్సీయో తమిళమో మాట్లాడుకునే మనుషులు. చూడవచ్చిన వాళ్ళలో చాలామందికి ఆ భాష ముక్క రాదు. అలాంటప్పుడు అమ్మ భాషను రంగం మీద ఎలా వినిపించాలి? ఆసియా నుంచి వలస వెళ్ళిన ఇళ్ళలో పెరిగి నాటకాలు రాస్తున్న వాళ్ళకు మొదటి పేజీలోనే అడ్డం పడే చిక్కు ఇది. సనాజ్ తూసీ ‘ఇంగ్లిష్’లో దీన్ని ఒక రకంగా విప్పింది. ఎస్. శక్తిధరన్ ‘కౌంటింగ్ అండ్ క్రాకింగ్’లో దానికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు.

తూసీ కాలిఫోర్నియాలో పుట్టింది, తల్లిదండ్రులు ఇరాన్ వాళ్ళు. నాటకం జరిగేది 2008లో, టెహ్రాన్ పక్కనున్న కరజ్‌లో, విదేశీ చదువులకు రాసే ఇంగ్లిషు పరీక్ష టోఫెల్ నేర్పే ఒక తరగతి గదిలో. ఒక పంతులమ్మ, నలుగురు విద్యార్థులు, అంతే. టోఫెల్ తరగతి అనగానే అమీర్‌పేట మెట్లెక్కిన తెలుగువాళ్ళకు ఆ గది ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

తూసీ వేసిన ఎత్తు చాలా చిన్నది. పాత్రలు ఫార్సీ మాట్లాడుతున్నప్పుడు నటులు ఏ యాసా లేని ఇంగ్లిషు గడగడా మాట్లాడతారు. ఇంగ్లిషు మాట్లాడవలసి వచ్చినప్పుడు అదే ఇంగ్లిషు యాసతో, తడబాటుతో, మాటకు మాటకు మధ్య వెతుకులాటతో వస్తుంది. ఎల్హామ్ అనే అమ్మాయి ఆస్ట్రేలియాలో వైద్యం చదవాలని టోఫెల్ రాసి ఐదుసార్లు తప్పింది. సొంత భాషలో ఆమె నోటికి ఎదురు లేదు. వెటకారం, కోపం, తెలివి అన్నీ పదునుగా ఉంటాయి. ఇంగ్లిషులోకి రాగానే చిన్నపిల్ల అయిపోతుంది. ఒకే నటి, ఒకే కుర్చీ; మారింది ఉచ్చారణ ఒక్కటే. పరాయి భాషలో మనిషి ఎంత కుంచించుకుపోతాడో చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అవసరం లేకుండా పోయింది. అదే గదిలో రోయా అనే పెద్దావిడ కెనడాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళాలని చదువుతుంటుంది. మనవరాలి పేరు క్లెయిర్. నానమ్మ నోరు తిరగని పేరు. ఆమె తన కొడుకు ఫోనులో వదిలే ఇంగ్లిషు సందేశాలు వింటుంటే, ఏటా ఇక్కడి నుంచి అమెరికా వెళ్ళి మనవల మాట పట్టుకోలేక తికమకపడే తెలుగు అమ్మమ్మలు గుర్తుకు రాకపోరు.

‘ఇంగ్లిష్’ను 2022లో న్యూయార్క్‌లో మొదటిసారి వేశారు, 2023లో పులిట్జర్ బహుమతి వచ్చింది, 2025లో బ్రాడ్‌వే ఎక్కింది.

శక్తిధరన్‌ది శ్రీలంక తమిళ కుటుంబం, ఉండేది ఆస్ట్రేలియాలో. 2019 జనవరిలో సిడ్నీ టౌన్ హాల్లో మొదలైన అతని నాటకం మూడున్నర గంటలు, రెండు విరామాలు. నాలుగు తరాల కథ, కొలంబో నుంచి సిడ్నీ దాకా. మొదట్లోనే ఒక కొడుకు, తల్లి రాధ కలిసి అమ్మమ్మ అస్థికలు సిడ్నీలో ఒక నదిలో కలుపుతుంటారు. శ్రీలంకలో తమిళుల మీద జరిగిన 1983 అల్లర్లలో కడుపుతో దేశం వదిలి వచ్చిన రాధ, భర్త చనిపోయాడనుకుంటుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఒక ఫోను వస్తుంది. ఇక్కడ తమిళం తమిళంగానే, సింహళం సింహళంగానే వినిపిస్తాయి. పక్కన నిలబడ్డ మరో నటుడు అప్పటికప్పుడు దాన్ని ఇంగ్లిషులో చెబుతాడు. మన తోలుబొమ్మలాట, హరికథ చూసిన కంటికి ఈ పద్ధతి వింతగా అనిపించదు. కథ చెప్పేవాడు పాత్రలోకి దూరడం, బయటికి వచ్చి విడమరచడం మనకు అలవాటే. పాశ్చాత్య రంగస్థలం మీద మాత్రం అది తెగువే.

ఈ రెండు నాటకాల్లోనూ కీలకం ‘మాత్రమే’ అన్న ఒక్క మాట. కరజ్ గదిలో పంతులమ్మ పెట్టిన నియమం: ఇంగ్లిషు మాత్రమే. శ్రీలంకలో 1956 అధికార భాష చట్టం: సింహళం మాత్రమే. ఒక చోట ఆ మాటను మనుషులు తామే ఒంటి మీద వేసుకుంటారు, ఇంకోచోట రాజ్యం నెత్తిన రుద్దుతుంది. దాని నుంచి పుట్టిన బాధ ఎంత పెద్దదో చూపడంలో శక్తిధరన్‌దే పైచేయి. అది సూదిలా ఎక్కడ గుచ్చుతుందో పట్టుకోవడంలో తూసీది.

(మూడో దారీ ఉంది. క్వి ఎన్‌గుయెన్ 2015 నాటి ‘వియెట్‌గాన్’లో వియత్నాం శరణార్థులు దర్జాగా అమెరికా కుర్రాళ్ళ ఇంగ్లిషులో మాట్లాడతారు, అమెరికన్ల నోట మాత్రం ‘చీజ్‌బర్గర్’ లాంటి అర్థంలేని ముక్కలు రాలతాయి. కడుపుబ్బ నవ్విస్తుంది కానీ, ఆ సరదాకు నాటకమంతా మోసే బలం లేదనిపించింది నాకు.)

ఒకే ఒక్క రాత్రి చేతిలో ఉండి, రెండూ పక్కపక్క హాళ్ళలో ఆడుతుంటే నేను ‘కౌంటింగ్ అండ్ క్రాకింగ్’కే వెళ్తాను. ఇరవై మందికి దగ్గరగా నటులు, అన్ని భాషలు, అన్ని ఏళ్ళు: అది కళ్ళెదుట చూడవలసిన నాటకం, చదివితే సగం పోతుంది. కానీ మన ఊళ్ళో ఒక నాటక సమాజం వచ్చి ‘వీటిలో ఏది వేద్దాం?’ అని అడిగితే ‘ఇంగ్లిష్’ అంటాను. ఐదుగురు నటులు, ఒక నల్లబల్ల, నాలుగు కుర్చీలు చాలు. పరిషత్తు నాటకాలు ఆడేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఒకటే. తెలుగులోకి తెస్తే తూసీ ఎత్తు సగం ఆవిరైపోతుంది. మనకు రెండు ఇంగ్లిషులు అక్కర్లేదు. తీరుబడిగా ఉన్నప్పుడు తెలుగు, తరగతిలో తడబడే ఇంగ్లిషు. వెంకటేశాన్ని ‘మై డియర్ షేక్స్పియర్’ అని పిలిచిన గిరీశం 1892లోనే మనకు ఈ రెండు నాలుకల ఆట చూపించాడు, అయితే దర్పం కోసం. ఇక్కడ అదే ఆట అవమానం కోసం ఆడాలి, అది నటులకు అంత తేలిక కాదు.

ఇంకో ముడి చివరి సన్నివేశం. ‘ఇంగ్లిష్’ అంతా ఇంగ్లిషులో నడిచి, ఆఖరున ఇద్దరు ఆడవాళ్ళు నిజంగానే ఫార్సీలో మాట్లాడుకోవడంతో ముగుస్తుంది. అనువాదం ఉండదు, పక్కన నిలబడి విడమరిచే నటుడూ ఉండడు. అంతవరకూ వాళ్ళ మనసంతా తెలుసుననుకున్న ప్రేక్షకుడు ఒక్కసారిగా గది బయట నిలబడతాడు. తెలుగు ప్రదర్శనలో ఆ మాటలు తెలుగులో పెడితే ఆ దెబ్బ తగలదు. ఫార్సీలోనే ఉంచితే మన నటీమణులిద్దరికీ ఆ నాలుగు మాటలు నేర్పే మనిషి కావాలి. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు ఇంకా ఉన్నాయి కదా, ముందు అక్కడ అడిగి చూడాలి.