ద్వారకానగర్‌లో ఆయిల్ వెల్ సిమెంటింగ్ కోర్సు: పాఠం కోసం చేరండి, ప్లేస్‌మెంట్ కోసం వద్దు

మెకానికల్ చదివి ఆయిల్ ఫీల్డ్ వైపు వెళ్దామనుకునే వైజాగ్ పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ద్వారకానగర్‌లో గేట్, బ్యాంక్ కోచింగ్ బోర్డుల మధ్య ఒక మూడో అంతస్తులో సిమెంటింగ్ మీద షార్ట్ టర్మ్ కోర్సు నడుపుతున్నారు, నేను అందులో చేరి పూర్తి చేశాను. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. ఫీజు 38 వేలు, రెండు వాయిదాల్లో కట్టనిస్తారు.

ఈ కోర్సుకి ప్రాణం అక్కడ చెప్పే సార్. రిగ్గుల మీద పంపు దగ్గర చాలా ఏళ్లు నిలబడిన మనిషి. మొదటి క్లాసులో ప్రొజెక్టర్ జోలికి పోకుండా బోర్డు మీద బావి గీసి, తవ్విన బావిలోకి కేసింగ్ పైపు దించుతారు, పైపుకీ రాతి గోడకీ మధ్య మిగిలిన ఖాళీ యాన్యులస్, సిమెంట్ స్లర్రీని, అంటే నీళ్లలో కలిపిన పల్చటి సిమెంట్‌ని, పైపులోంచి కిందికి పంపి, అడుగున షూ (పైపు చివరి ముక్క) దాటించి, ఆ ఖాళీలో పైకి ఎక్కించాలి అని చెప్పి, ఎందుకు చేస్తారో చెప్పమని ఒక్కొక్కరినీ లేపారు. పైపు కదలకుండా ఉండటానికి అని అందరం అదే అన్నాం. అదీ ఉంది కానీ అసలు పని, ఒక పొరలో ఉన్న గ్యాసో నీళ్లో పైపు వెనకనుంచి ఇంకో పొరలోకో, పైకో రాకుండా ఆపడం. ఇక అక్కడినుంచి క్లాసంతా మకాండో బావి మీదే నడిచింది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ బావి మీదున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. అడుగున వేసిన సిమెంట్ గ్యాస్‌ని ఆపలేదు, ప్రెజర్ టెస్టులో వచ్చిన రీడింగ్‌ని తప్పుగా అర్థం చేసుకున్నారు, బాండ్ లాగ్ తీయడానికి, అంటే సిమెంట్ పైపుకి సరిగ్గా పట్టిందో లేదో కొలవడానికి వచ్చిన టీమ్‌ని ఆ పని చేయించకుండానే ఒడ్డుకి పంపేశారు. ఇది విన్నాక లెక్కల క్లాసులో ఎవరూ ఫోన్ తీయలేదు.

లెక్కలు మాత్రం చాలా గట్టిగా చేయిస్తారు, సాఫ్ట్‌వేర్ ముట్టుకోనివ్వరు. పన్నెండుంపావు అంగుళాల బావిలో తొమ్మిది ఐదు బై ఎనిమిది కేసింగ్ అయితే వెయ్యి అడుగుల యాన్యులస్‌కి దాదాపు 56 బ్యారెళ్ల స్లర్రీ కావాలి. అదే రాయి రాలిపోయి బావి 13 అంగుళాలకి వెడల్పయితే 74 బ్యారెళ్లు అవుతుంది. ఆయిల్ బావులకి వాడే క్లాస్ జి సిమెంట్‌ని ఏమీ కలపకుండా నీళ్లతోనే వాడితే, గ్యాలన్‌కి 15.8 పౌండ్ల బరువు దగ్గర ఒక శాక్‌కి, అంటే బస్తాకి, 1.15 ఘనపుటడుగుల స్లర్రీ వస్తుంది కాబట్టి, ముప్పావు అంగుళం తేడాకి వెయ్యి అడుగులకే దాదాపు 90 శాకులు తక్కువ పడతాయి. బావి అసలు వెడల్పు కొలిచిన రికార్డే క్యాలిపర్ లాగ్. "క్యాలిపర్ లాగ్ చూడకుండా నామినల్ సైజు వేసేశావా బాబూ, అయితే నీ సిమెంట్ పైదాకా రాదు" అని పేపరు తిరిగిచ్చేస్తారు. సిమెంట్‌కి ముందొకటి, వెనకొకటి పైపులోకి వదిలే ప్లగ్గులు కూడా చేతికిచ్చి ఏది బాటమ్, ఏది టాప్ అని అడుగుతారు. ముందు వెళ్లే బాటమ్ ప్లగ్‌కి మధ్యలో చిరిగి సిమెంట్‌ని వదిలే పొర ఉంటుంది, టాప్ ప్లగ్ గట్టిది. పొరపాటున గట్టిది ముందు వదిలితే అది వెళ్లి కేసింగ్ అడుగు దగ్గర ప్లగ్ ఆగే ఫ్లోట్ కాలర్ మీద కూర్చుంటుంది, సిమెంటంతా కేసింగ్ లోపలే ఉండిపోతుంది. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకి ఈ తేడా చేతికి తెలియదు.

ల్యాబ్ విషయానికొస్తే సగం సంతోషం. స్లర్రీ కలపడం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) పద్ధతిలోనే చేయిస్తారు: 349 గ్రాముల నీళ్లు, 792 గ్రాముల క్లాస్ జి, బ్లెండర్ 4000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతుండగా 15 సెకన్లలో సిమెంట్ మొత్తం వేసేయాలి, ఆ తర్వాత 12000 మీద 35 సెకన్లు. మడ్ బ్యాలెన్స్ మీద బరువు, చిక్కదనం కొలిచే విస్కోమీటర్ రీడింగులు, ఫ్రీ వాటర్ (స్లర్రీలోంచి పైకి తేలే నీళ్లు), ఇవన్నీ ప్రతి ఒక్కరూ సొంతంగా చేయాల్సిందే. బాగా కుదిరిన స్లర్రీ దోశపిండిలా జారుతుంది, గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కాస్త తేడాగా పడితే అదే స్లర్రీ ఎంత మారిపోతుందో కళ్లతో చూస్తాం.

కానీ స్లర్రీ చిక్కబడటాన్ని కొలిచే కన్సిస్టోమీటర్ వాళ్ల దగ్గర మామూలు గాలి ప్రెజర్ మీద పనిచేసే అట్మాస్ఫియరిక్‌ది ఒక్కటే ఉంది, హెచ్‌పీహెచ్‌టీది (ఎక్కువ ప్రెజర్, ఎక్కువ వేడి ఇచ్చేది) లేదు. బ్రోచర్‌లో మాత్రం దాని ఫొటో ఉంది. స్లర్రీ ఎంతసేపు పంపు చేయడానికి వీలుగా ఉంటుందో, అంటే థికెనింగ్ టైమ్, బావి అడుగున ఉండే వేడి, ప్రెజర్ ఇచ్చి చూస్తేనే నమ్మగలం. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో బాగా వేడి, ప్రెజర్ ఉన్న బావులున్నాయి, 110 డిగ్రీల సెల్సియస్ దాటితే సిమెంట్ బలం తగ్గిపోకుండా సిమెంట్ బరువులో 35 నుంచి 40 శాతం సిలికా ఫ్లోర్ (మెత్తటి సిలికా పొడి) కలపాలని పాఠంలో వాళ్లే చెప్తారు, ఆ టెస్ట్ మాత్రం చూపించలేరు. ఇంకో సంగతి, సిమెంట్ బస్తా మూతి సరిగ్గా కట్టకుండా కిటికీ పక్కన పెట్టారు. మన సముద్రం గాలికి అది ఉండలు కట్టింది, ఆ ఉండల సిమెంట్‌తో చేసిన టెస్టులు ఒక్కటీ సరిగ్గా రాలేదు. సార్ చూసి ఆ రోజు రీడింగులన్నీ కొట్టేయించి కొత్త బస్తా తెప్పించారు, మేనేజ్‌మెంట్ ముందే చూసుకోవాల్సింది.

రిగ్ విజిట్ అన్నారు, జరగలేదు. అడిగితే పర్మిషన్ రాలేదన్నారు, అది నిజమే అయ్యుండొచ్చు, కానీ అలాంటప్పుడు ఫీజు తీసుకునేటప్పుడే చెప్పాలి కదా.

అసలు కోపం ప్లేస్‌మెంట్ మీద. "నూటికి నూరు శాతం ఉద్యోగం" అని కౌంటర్ దగ్గర చెప్తారు, మా బ్యాచ్‌కి ఒక్క కంపెనీ కూడా రాలేదు. సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లని ట్రెయినీలుగా తీసుకుని తామే నేర్పించుకుంటాయి, ఈ సర్టిఫికెట్ చూసి ఎవరూ పిలిచి సీటివ్వరు. ఓఎన్‌జీసీకి వెళ్లాలంటే గతంలో గేట్ స్కోర్ మీద ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సిమెంటింగ్ పోస్టులు ఇచ్చిన నోటిఫికేషన్లు ఉన్నాయి, అందులో మెకానికల్ వాళ్లకీ పెట్రోలియం వాళ్లకీ విడివిడిగా అవకాశం ఇచ్చారు. ఆ దారి గురించి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, సార్ చెప్పారు. అప్పు చేసి ఫీజు కట్టే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు మా బ్యాచ్‌లో ఉన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి మద్దిలపాలెంలో రూమ్ తీసుకున్న తమ్ముడు ఒకడు, కోర్సు అవగానే జాయినింగ్ లెటర్ వస్తుందని ఇంట్లో చెప్పి వచ్చాడు. వాళ్లకి అలా చెప్పడం అన్యాయం.

ఎవరు చేరొచ్చంటే, మెకానికల్ లేదా కెమికల్ వాళ్లు, ఇంటర్వ్యూలో డిస్‌ప్లేస్‌మెంట్ వాల్యూమ్ (సిమెంట్‌ని పైపులోంచి నెట్టడానికి వెనక పంపాల్సిన ద్రవం లెక్క) అడిగితే నోట్‌బుక్ మీద వేసి చూపించాలనుకునేవాళ్లు. పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లకి డ్రిల్లింగ్ సబ్జెక్టులో ఇది కొంత వస్తుంది, వాళ్లు 38 వేలు పెట్టక్కర్లేదు. నా లెక్కలో టీచింగ్‌కి ఐదుకి ఐదు, ల్యాబ్‌కి మూడు, ఆఫీసు వాళ్ల మాటకి ఒకటి.

చేరేముందు ల్యాబ్ చూపించమని అడగండి, బ్రోచర్‌లో ఉన్న మెషీన్ అక్కడ ఉందో లేదో చూసుకోండి. ప్లేస్‌మెంట్ మాట కాగితం మీద రాసివ్వమనండి. రెండో వాయిదా డెమో క్లాసులు విన్నాకే కట్టండి. ఉదయం బ్యాచ్‌కి సార్ పూర్తిగా ఉంటారు, సాయంత్రం బ్యాచ్‌కి సగం క్లాసులు వేరేవాళ్లు చెప్తున్నారు, కాబట్టి ఉదయందే అడిగి తీసుకోండి.