ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, పాతపట్నం వాళ్లు జాగ్రత్త: ఫ్రిజ్‌కి గ్యాస్ అన్నారు, నాకు టోపీ పెట్టారు

నెట్‌లో కంపెనీ కస్టమర్ కేర్ అని వెతికితే అన్నింటికన్నా పైన వచ్చే నంబరు మీరూ చూసే ఉంటారు. దానికి ఫోన్ చేసిన తెలివైనవాణ్ణి నేనే.

మాది డబుల్ డోర్ ఫ్రిజ్. పైన ఐసు బాగానే ఉంది, కింద పెరుగు పూటకే పులిసిపోతోంది. కంపెనీ టీషర్టులతో ఇద్దరు దిగారు. పెద్దవాడు వెనక చెయ్యి పెట్టి, "గ్యాస్ అయిపోయింది, 3,800" అన్నాడు. ఫ్రిజ్ ఆపి, తలుపులు బార్లా తెరిచి, సిలిండర్ తెస్తామని వెళ్లి సాయంత్రానికి వచ్చారు. రాగానే నన్ను ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం బజారుకి తరిమారు. నేను తిరిగొచ్చేసరికి పని అయిపోయిందట!

తొమ్మిది రోజులకి మళ్లీ పెరుగు పులిసింది. ఫోన్ చేస్తే, "గ్యాస్ బాగానే పట్టాం, ఇప్పుడు కంప్రెసర్ పోయింది, ఏడు వేలు చూసుకోండి" అన్నాడు. బిల్లు పంపమంటే "ఏం బిల్లు?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. తర్వాత నంబరు బ్లాక్.

చివరికి పాతపట్నం నుంచి తెలిసిన మెకానిక్ వచ్చి ఫ్రీజర్ లోపలి ప్లాస్టిక్ పలక విప్పాడు. కాయిల్ మీద ఇటుకంత మందాన మంచు, చల్లగాలి కిందికి దిగే దారే లేదు. మంచు కరిగించే హీటర్ తాలూకు ఫ్యూజు పోయింది, అంతే. మొత్తం 650. ఆ రోజంతా తలుపులు తెరిచి ఉంచడంతో మంచు కరిగింది కాబట్టే తొమ్మిది రోజులు నడిచిందట. వెనక్కి తిప్పి కంప్రెసర్ గొట్టం చూపించాడు. గ్యాస్ పడితే గొట్టం కోసి మళ్లీ అతకాలి, దీనికి గీత కూడా పడలేదు.

అప్పుడు తోటకూర వలుస్తున్న మా అమ్మ తీరిగ్గా అంది: "ఆ రోజు చిన్నవాడు 'గ్యాస్ ఠిక్ అఛి' (గ్యాస్ బాగానే ఉంది) అంటే పెద్దవాడు 'చుప్' అని కసిరాడురా. మన పొయ్యి సిలిండర్ గురించి అనుకున్నా."

ఇంట్లో తెలుగు వినబడేసరికి మాకు ఒడియా రాదనుకున్నారు వెధవలు. ఒడియా బాగా వచ్చిన నేనేమో అప్పుడు బజారులో బాక్సు బేరమాడుతున్నాను.

నంబరు వారంటీ కార్డులో చూడండి, నెట్‌లో కాదు. పైన ఐసు కడుతూ కింద చల్లబడకపోతే గ్యాస్ మాట నమ్మేముందు ఒక రోజు ఆపి తలుపులు తెరిచి చూడండి. బిల్లు రాయందే డబ్బివ్వకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామంటే నా దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సు రసీదు తప్ప కాగితం ముక్క లేదు.