పర్లాకిమిడి నుంచి ఆది కైలాస్‌కి: ముందు కాగితాలు, తర్వాతే కొండలు

ఆది కైలాస్ వెళ్ళొచ్చామని తెలిశాక ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎదురైన వాళ్ళందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. చలి ఎంత ఉంది, ఖర్చు ఎంత అయింది. పర్మిట్ ఎలా తెచ్చుకున్నారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ పర్మిటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

మేము ఆరుగురం. నేను, మా ఆవిడ, అక్క, బావగారు, పక్కింటి మాస్టారు, వాళ్ళ అబ్బాయి. మాస్టారు రిటైరై నాలుగేళ్ళయింది, అయినా మా అందరిలో బాగా నడిచేది ఆయనే. బయలుదేరే ముందు రెండు నెలలు, వీలైన ఆదివారమల్లా మహేంద్రగిరి ఎక్కి కాళ్ళకి అలవాటు చేసుకున్నాం. 1,501 మీటర్ల కొండ అది. పైన కుంతి గుడి, భీముడి గుడి, యుధిష్ఠిరుడి గుడి ఉన్నాయి. 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ నడక కాళ్ళకి బాగా పనికొచ్చింది. ఊపిరి సంగతి వేరు. అక్కడ దారిలో వచ్చే గుంజి ఊరే మహేంద్రగిరికి రెండింతల ఎత్తు, ఆది కైలాస్ కింద ఉండే జోలింగ్‌కాంగ్ అయితే మూడింతలు.

ఆది కైలాస్ హిమాలయ శిఖరం, ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ జిల్లా వ్యాస్ లోయలో ఉంది. ఒక పక్క కాళీ నది అవతల నేపాల్, ఇంకో పక్క లిపులేఖ్ కనుమ దాటితే టిబెట్. 2020 మే 8న లిపులేఖ్ దాకా వేసిన రోడ్డును మన ప్రభుత్వం ప్రారంభించింది. అదే నెలలో నేపాల్ కాలాపానీ, లిపులేఖ్‌లను తమ భూభాగంగా చూపిస్తూ కొత్త మ్యాపు విడుదల చేసింది. అలాంటి చోట అడుగుపెట్టే ప్రతి మనిషి పేరూ రాసుకోవడంలో ఆశ్చర్యం లేదు. ధార్చులా ఊరు దాటి పైకి వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దు ప్రాంతంలోకి వెళ్ళే అనుమతి కావాలి. దాన్ని ధార్చులా ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) ఆఫీసు ఇస్తుంది. పైన ఛియాలేఖ్ దగ్గర ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు కాపలా దళం) వాళ్ళు చూస్తారు.

మాకు అడిగిన కాగితాలు ఇవి: దరఖాస్తు ఫారం, ఆధార్, పోలీస్ వెరిఫికేషన్, మా బాధ్యత మీదే వెళ్తున్నామని అఫిడవిట్, మెడికల్ ఫిట్‌నెస్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. వినడానికి సులువే. కానీ ఒడిశాలో ఉండే తెలుగువాళ్ళకి ఇందులో ఒక చిక్కు ఉంది, అది పేర్ల చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వాళ్ళు వెనక రాస్తారు. బడిలో, బ్యాంకులో, ఓటరు కార్డులో ఎవరి అలవాటు ప్రకారం వాళ్ళు రాసేశారు. మా బావగారికి ఆధార్‌లో ఇంటిపేరు పొడిఅక్షరంగా ముందుంది, పాన్ కార్డులో పూర్తిగా విడిపోయి చివర్లో ఉంది. పోలీస్ సర్టిఫికెట్‌కి పాన్ కార్డు చూసి దరఖాస్తు పెట్టుకోవడంతో ఆధార్‌తో కలవలేదు. ఊళ్ళో ఉండగానే మాస్టారు ఆ తేడా కనిపెట్టారు. "బావగారూ, అక్కడ కూర్చున్న గుమస్తాకి మన ఇంటిపేర్ల సంగతి తెలీదండీ. ఆయన కంటికి మీరు ఇద్దరు మనుషులు" అన్నారు. మళ్ళీ ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఆధార్‌లో ఉన్నట్టే పేరు పెట్టి కొత్తగా దరఖాస్తు చేశాం. ఆ పొరపాటు ధార్చులాలో బయటపడి ఉంటే బావగారు అక్కడి నుంచే వెనక్కి రావలసి వచ్చేది.

ఇంకో సంగతి. మాస్టారి అబ్బాయి వార్డు కౌన్సిలర్ దగ్గర తెచ్చిన లెటర్ ఒడియాలో ఉంది. ఉత్తరాఖండ్‌లో ఈ కుమావోన్ వైపు ఒడియా ఎవరు చదువుతారు? ప్రతి కాగితమూ ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండేలా చూసుకోండి. నోటరీ దగ్గర అఫిడవిట్ టైపు చేయించేటప్పుడే ఆ మాట చెప్పాలి.

ఇంత జాగ్రత్తపడి కూడా ఒక చోట మోసపోయాం. బావగారు అంతకుముందు ఉత్తర సిక్కిం వెళ్ళొచ్చారు. అక్కడ రిజిస్టరైన ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే పర్మిట్ వస్తుంది, మనంతట మనం వెళ్ళి తెచ్చుకోవడం కుదరదు. ఇక్కడా అంతే అనుకున్నాం. ఒక ఏజెంట్‌కి (పేరు రాయను) మనిషికి మూడు వేలు పంపాం. "మీరు దిగేసరికి పర్మిట్లు చేతిలో ఉంటాయి" అన్నాడు. దిగేసరికి ఫోన్ ఎత్తలేదు. మా పేర్లతో దరఖాస్తే పెట్టలేదని తర్వాత తెలిసింది. ధార్చులాలో ఎవరి పర్మిట్‌కి వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. ఈ ఒక్క ముక్క మాకు ముందే తెలిసి ఉంటే పద్దెనిమిది వేలు మిగిలేవి. సొంతంగా చేసుకున్నాక లెక్క చూస్తే ఫొటోలు, నోటరీ, జిరాక్సులు అన్నీ కలిపి మనిషికి ఐదు వందలు కూడా కాలేదు.

ప్రయాణం మాటకొస్తే, పలాసలో పొద్దున్నే ఫలక్‌నుమా ఎక్కి సాయంత్రానికి హౌరా, ఆ రాత్రే బాఘ్ ఎక్స్‌ప్రెస్. రెండు రాత్రులు గడిచాక కాఠ్‌గోదామ్. ఢిల్లీ మీదుగా తిరిగి వెళ్ళడం కన్నా మన వైపు వాళ్ళకి ఇదే నయం, పెట్టెలూ సంచులూ ఒక్కసారి మారిస్తే చాలు. అక్కడి నుంచి జీపులో అల్మోడాలో ఒక రాత్రి, పిథోరాగఢ్‌లో ఒక రాత్రి. మొదట దసరా రోజుకి ధార్చులా చేరేలా టిక్కెట్లు చూశాం. పర్మిట్ ఆఫీసుకి సెలవని గుర్తొచ్చి వారం వెనక్కి జరిపాం. అయినా శనివారం సాయంత్రం చేరి ఆదివారం ఊరికే కూర్చున్నాం. సోమవారం గాని మంగళవారం గాని చేరేలా వేసుకోండి.

ధార్చులాలో నది ఒడ్డున ముందుగా దిగిన లాడ్జి బాగాలేదు. వేడినీళ్ళు వస్తాయన్నారు, రాలేదు. దుప్పట్లు తడి వాసన. మర్నాడే ప్రభుత్వ సంస్థ కుమావోన్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళ టూరిస్ట్ రెస్ట్‌హౌస్‌కి మారాం. ఆర్భాటం లేదు గాని శుభ్రంగా ఉంది, వంట వేడిగా పెట్టారు. ముందే బుక్ చేసుకోవాలి, యాత్ర సీజన్‌లో గదులు దొరకవు. ఊరు బజారులో ఒక చిన్న హోటల్లో మడువా రొట్టె తిన్నాం. అది మన చోళ్ళ (రాగి) రొట్టే. ఒడియాలో మాండియా అంటాం, వాళ్ళు మడువా అంటున్నారు. అక్క రెండోది అడిగి మరీ తింది.

నది మీద వేలాడే వంతెన దాటితే నేపాల్ వైపు దార్చులా. ఫోన్లు ఆ టవర్‌ని పట్టుకుని పావుగంట ముందుకు దూకేస్తాయి. పొద్దున్నే జీపు ఎక్కాల్సిన రోజు ఫోన్ గడియారాన్ని నమ్మకండి, రోమింగ్ కూడా ఆపేసుకోండి.

సోమవారం ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికల్. బీపీ, నాడి, ఆక్సిజన్ చూశారు. ఐదుగురం పాసయ్యాం. అక్కకి బీపీ 160 దాటింది. డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పారు, "ఈ రోజు సంతకం పెట్టలేను. ఉప్పు తగ్గించి, నిద్రపోయి, రేపు రండి" అని. రైల్లో రెండు రోజులూ ఆవకాయ, చల్ల మిరపకాయలే కదా, పైగా నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. అక్క బయటికొచ్చి, "ఒరే తమ్ముడూ, నా కోసం మీరందరూ ఆగొద్దు. నేను ఇక్కడ నది చూసుకుంటూ కూర్చుంటాను, మీరు వెళ్ళిరండి" అంది. గొంతు మామూలుగానే పెట్టింది గాని కళ్ళు మా వైపు లేవు. బావగారు ఏమీ అనలేదు. వెళ్ళి ఆరుగురి ఫైలూ ఒకే కవరులో పెట్టి తెచ్చారు. ఇస్తే అందరివీ కలిపే ఇస్తాం, అంతే.

ఆ రోజంతా అక్కని ఎవరం మాట్లాడించలేదు. మజ్జిగన్నం, నిద్ర. మంగళవారం పొద్దున బీపీ దిగింది, డాక్టరమ్మ సంతకం పెట్టారు. మధ్యాహ్నం ఆఫీసులో ఫైలు ఇచ్చాం. ఊళ్ళో కరెంటు పోయి జిరాక్సు షాపులు ఆగిపోయాయి. మాస్టారు పర్లాకిమిడిలోనే ప్రతి కాగితానికీ ఐదేసి కాపీలు తీయించి ఉంచబట్టి మాకు ఇబ్బంది రాలేదు. సాయంత్రానికి పర్మిట్ వచ్చింది. పర్మిట్ మీద తేదీలు ఉంటాయి, ఆ తేదీల్లోపు కిందికి దిగాలి. ఒక రోజు ఎక్కువ అడిగి రాయించుకోవడం మంచిది. కొండచరియ ఒకటి విరిగిపడితే దారి ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

ధార్చులాలో ఆగిన ఆ మూడు రోజులు దండగ అనిపించింది అప్పుడు. పైకి వెళ్ళాక అర్థమైంది. పర్మిట్లు వేరేవాళ్ళు ముందే తెచ్చిపెడితే జీపు దిగకుండా సాగిపోయినవాళ్ళు గుంజిలో తలనొప్పితో, వాంతులతో పడుకున్నారు. మాలో ఒక్కరికీ అంత కష్టం రాలేదు. ధార్చులా ఎత్తు వెయ్యి మీటర్ల లోపే, అక్కడ ఆగినందుకే ఎత్తు అలవాటైపోదు. కానీ నిద్ర తీరిన ఒళ్ళు వేరు, అలిసిన ఒళ్ళు వేరు.

బుధవారం తెల్లవారుజామున బయలుదేరాం. ధార్చులా కుర్రాడే డ్రైవరు. వాళ్ళది రంగ్ సమాజం, ఎండాకాలం వ్యాస్ లోయలో, చలికాలం ధార్చులాలో ఉంటారు. పైకి తీసుకెళ్ళి, తిప్పి, కిందికి దింపడానికి మనిషికి మూడు వేల చిల్లర పడింది. తవాఘాట్ దాటాక దారి కొండను తొలిచి వేసింది, కింద కాళీ నది. మాల్పా దగ్గర కుర్రాడు జీపు ఆపి దండం పెట్టాడు. 1998 ఆగస్టులో అక్కడ కొండ విరిగిపడి ఊరు ఊరంతా పోయింది. చనిపోయిన రెండు వందల మందికి పైగా మనుషుల్లో మానససరోవర యాత్రికులు అరవై మంది ఉన్నారు. వానాకాలంలో ఈ దారిన రావద్దని ఎందుకంటారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మే, జూన్ గాని, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు గాని సరైన కాలం.

ఛియాలేఖ్ చెక్‌పోస్టులో పర్మిట్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం చూశారు. బావగారి వంతు వచ్చినప్పుడు నాకు గుండె గట్టిగానే కొట్టుకుంది. జవాను తలూపి కాపీ ఒకటి ఉంచుకుని పంపేశారు. మిలిటరీ పోస్టుల దగ్గర ఫొటోలు తీయొద్దని చెప్పారు, మేము తీయలేదు.

ఉండటానికి గుంజి, నాబి, కుటి మూడు ఊళ్ళూ చూశాం. గుంజిలో హోమ్‌స్టేలు ఎక్కువ, కానీ పెద్ద గుంపులన్నీ అక్కడే దిగుతాయి, రాత్రి పదకొండింటి దాకా చప్పుడే. నాబి పక్కనే ఉంటుంది, ప్రశాంతంగా ఉంది, మొదటి రాత్రి అక్కడే పడుకున్నాం. నాకు అన్నిటికన్నా నచ్చింది కుటి. చెక్కతో చెక్కిన గుమ్మాలు, రాతి గోడలు. కుంతి పేరు మీదే ఆ ఊరికి పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెప్తారు. మహేంద్రగిరి మీద కుంతి గుడిలో దండం పెట్టుకుని వచ్చిన అక్క ఆ మాట విని చాలాసేపు ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఒకరికి తెలుగు, ఒడియా, ఇంకొకరికి వాళ్ళ భాష, కొంచెం హిందీ. అయినా మాటలు సాగాయి. గదికి తాళం లేదు, బాత్‌రూం బయట, నీళ్ళు మంచులా ఉంటాయి. వీటికి సిద్ధపడితేనే కుటిలో ఉండండి.

కుటిలో ఫొటోలు తీసే ముందు అడగండి. మా ఒడిశాలోనే మల్కన్‌గిరి కొండల నుంచి బొండా తెగ ఆడవాళ్ళు గురువారం ఒనకడెల్లి సంతకి వస్తే టూరిస్టులు కెమెరాలు మొహం మీద పెట్టేవారు. అది చూసి పెరిగినవాళ్ళం. ఇన్నర్ లైన్ ఉన్నది సరిహద్దు కోసమే కావచ్చు, దాని వెనక ఇళ్ళల్లో మనుషులు కూడా ఉన్నారు.

కుటి నుంచి జోలింగ్‌కాంగ్ దాకా, ఊరి మనిషి ఒకరు తోడు రాగా, నడిచాం. రోడ్డు ఉంది, జీపు వెనకే వచ్చింది. అక్క సగం దూరం జీపులో వచ్చింది. పార్వతీ సరోవరం దగ్గరికి మాత్రం గుర్రం వద్దని మెల్లగా తనే నడిచింది. నీళ్ళల్లో ఆది కైలాస్ నీడ కనిపించింది, గాలి లేవగానే చెదిరిపోయింది. ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు నాభిధాంగ్ నుంచి ఓం పర్వతం, మంచు ఓం ఆకారంలో కనిపించే కొండ. పదింటికి మబ్బు కమ్మేస్తుందని తెల్లవారకముందే తీసుకెళ్ళాడు డ్రైవరు. కనిపించింది. 2024 ఆగస్టులో మంచు కరిగిపోయి ఆ ఓం ఆకారమే మాయమైందని వార్తలు వచ్చిన సంగతి గుర్తొచ్చి, ఉన్నంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాను.

దిగేటప్పుడు ఛియాలేఖ్‌లో మళ్ళీ పేర్లు రాయించుకోవాలి, మర్చిపోకండి. పైకి వెళ్ళిన ఆరుగురూ దిగారని వాళ్ళకి లెక్క తేలాలి.

మా ఫైలు ఇప్పుడు మా ఇంట్లో లేదు. మా వీధి చివర ఇంటివాళ్ళు మే నెలకి బయలుదేరుతున్నారు, నమూనా కోసం పట్టుకెళ్ళారు. ఇద్దరికి ఆధార్‌లో ఇంటిపేరు తేడా ఉందట. నిన్నే సరిచేయించుకోవడానికి వెళ్ళారు.