ఫోనా, ట్యాబా, లాప్‌టాపా, డెస్క్‌టాపా: ఆగిపోయిన రోజు ఏది మేలు?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయిన వారం నుంచి మా షాపు ముందు బెంచీ ఖాళీ ఉండదు. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక గల్లీలో ఉంటుంది మాది. అమ్మేది తక్కువ, బాగుచేసేది ఎక్కువ. అయినా పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, కొనే ముందు ఒక మాట అడిగి పోదామని. అట్లాగే ఒక పత్తి రైతు వచ్చాడు. బిడ్డకు సీఎస్‌ఈలో సీటొచ్చింది, హాస్టల్లో ఉండి చదవాలి. ఆ అమ్మాయి ఫోన్‌లో ఒక గేమింగ్ లాప్‌టాప్ బొమ్మ చూపించింది. ధర డెబ్బై వేల పైన.

“ఫోన్ ఉన్నది కద సారు, మళ్ల గిదెందుకు? తీసుకుంటె నాలుగేండ్లు నడుస్తదా?” అన్నాడాయన.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు ఏ షోరూంలో అడిగినా చెబుతారు. రెండోదాని జవాబు మాత్రం నా టేబుల్ మీద ఉంటుంది, మరలు విప్పిన స్థితిలో. షోరూం వాళ్లు మెషీన్‌ను కొన్న రోజు చూస్తారు, నేను ఆగిపోయిన రోజు చూస్తాను. అందుకే నా పోలిక అటువైపు నుంచే ఉంటుంది. ఏది ఏ పనికి వస్తుంది, ఆగిపోతే మన ఊర్లో దాని గతి ఏమిటి, అంతే.

ముందు ఫోన్. అది కంప్యూటర్ కాదనుకోవడం పొరపాటు. ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ, ఆపరేటింగ్ సిస్టం అన్నీ అందులో ఉన్నాయి. డబ్బు పంపడం, ఓటీపీ, ఫొటో, డిజిలాకర్‌లో సర్టిఫికెట్, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ లాంటి వాటికి దాన్ని మించింది లేదు. ఈదురుగాలికి కరెంటు పోయినా దాని పని ఆగదు. చిక్కంతా కూర్చుని తయారుచేయాల్సిన పనితోనే. ఇరవై పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఫోన్‌లో టైప్ చేసిన కుర్రవాళ్లను చూశాను. ప్రింట్‌కు తెస్తే పట్టికలు ఒకవైపు, బొమ్మలు ఒకవైపు. ఎక్సెల్ తెరిస్తే నాలుగు కాలమ్‌లకు మించి కనబడవు. సీ ప్రోగ్రాం రాసే యాప్‌లున్నాయి, కానీ ఒక్క వరుస రాయడానికి బ్రాకెట్ల కోసం కీబోర్డు మూడుసార్లు మార్చాలి. ఓటీజీ ముక్కతో, అంటే ఫోన్ చార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ సామాను తగిలించే చిన్న అడాప్టర్‌తో, కీబోర్డు, మౌస్ తగిలించుకోవచ్చు. తెర మాత్రం ఆరున్నర అంగుళాలే.

ఆగిపోతే? డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్ ఏ గల్లీలోనైనా మారుస్తారు. బోర్డు పోతే మాత్రం లోపలి ఫొటోల మీద ఆశ వదులుకోవాల్సిందే అనుకోండి. స్టోరేజీ చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది, డెస్క్‌టాప్ డిస్కులాగా తీసి ఇంకోదానికి తగిలించలేం. పెళ్లి ఫొటోలు, భూమి కాగితాల స్కాన్‌లు ఫోన్‌లో ఒక్కచోటే ఉంచుకున్న వాళ్లు నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులున్నాయి.

ట్యాబ్ విషయంలో నేను పక్షపాతిని, ముందే చెబుతున్నా. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులకని మా అబ్బాయికి ఒకటి కొన్నాను. రిపేరు షాపు పెట్టుకున్నవాణ్ణి, నేనే తొందరపడ్డాను. 32 జీబీ స్టోరేజీ, అందులో సిస్టం తినేది పోను మిగిలింది పాఠాల వీడియోలకు ఏడాదిలో నిండిపోయింది. తర్వాత అప్‌డేట్లు ఆగాయి. ఆ తర్వాత అద్దం పగిలింది. డిస్‌ప్లే తెప్పిద్దామంటే ట్యాబ్ ధరలో సగం చెప్పారు. ఇప్పుడది మా అమ్మ భక్తిపాటలు పెట్టుకునే డబ్బా.

అయినా ఒక రకం వాళ్లకు ట్యాబే మేలని ఒప్పుకుంటాను. గ్రూప్స్‌కు చదివేవాళ్లు లైబ్రరీకి రోజూ పది పీడీఎఫ్‌లు మోసుకుపోవాలి. అర కిలో బరువు, పది అంగుళాల తెర, దాదాపు రోజంతా బ్యాటరీ, పెన్నుతో గీసుకునే వీలు. పుస్తకం చదివినట్టే చదువుకోవచ్చు. చదవడం, వినడం వరకు అది బంగారం. రాయడం మొదలైతే విడిగా కీబోర్డు కొంటారు, స్టాండు కొంటారు, చివరికి లెక్క చూస్తే లాప్‌టాప్ ధరకు దగ్గరికొస్తారు. ఇంకో మాట. 2018 నుంచి ఎంసెట్, ఇప్పటి ఎప్‌సెట్ కంప్యూటర్ మీదే రాస్తున్నారు. వేలితో తెర తోయడం మాత్రమే అలవాటైన పిల్లలు పరీక్ష హాల్లో మౌస్ పట్టుకుని తడబడతారు.

ఇక డెస్క్‌టాప్. దీన్ని పాతకాలపు సామానంటారు గానీ నా టేబుల్ దగ్గర దీనిదే పెద్దరికం. ఎనుమాముల మార్కెట్ వైపు అడ్తి దుకాణాల నుంచి మాకు డబ్బాలు వస్తుంటాయి. పత్తి సీజన్‌లో ఫ్యాన్ చుట్టూ దూది పరుపు పేరుకుని ఉంటుంది. మిర్చి సీజన్‌లో వచ్చిందాన్ని షాపులో విప్పితే ఆ రోజు అందరికీ తుమ్ములే. అందుకే బయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్ కొడతాం. అంత దుమ్ములో ఏళ్ల తరబడి తక్‌పట్టీలు (సరుకు అమ్మకపు చీటీలు) కొట్టిన మెషీన్ కూడా గంటలోపు మళ్లీ లేచి కూర్చుంటుంది. ర్యామ్ తీసి, పిల్లలు వాడే రబ్బరుతో దాని బంగారు రంగు కాళ్లను రుద్ది పెట్టడమే సగం కేసుల్లో వైద్యం. లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, కాలిపోతే అది ఒక్కటే మారుస్తాం. హార్డ్‌డిస్క్ తీసి, తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేస్తే మూడు నిమిషాలకు తెరుచుకునేది అర నిమిషంలో తెరుచుకుంటుంది. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా దొరుకుతుంది, ఒకటి పోతే మిగతావి పారేయనక్కర్లేదు. మధ్యలో ఒక చాదస్తం: అందరూ ఆ డబ్బానే సీపీయూ అంటారు. అసలు సీపీయూ లోపల ఫ్యాన్ కింద దాక్కున్న బిస్కెట్టంత చిప్పు. నేనూ బిల్లు మీద ‘సీపీయూ సర్వీసింగ్’ అనే రాస్తాను లెండి.

శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపులు డెస్క్‌టాప్‌ను వదలకపోవడానికి ఇంకో కారణముంది. పెద్ద తెర ఒకటైతే, అను ఫాంట్ల అలవాటు రెండోది. ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగును వాట్సాప్‌లో అతికించి పంపితే అవతల ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. అన్ని మెషీన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లో కొడితే ఫోన్‌లోనూ, ట్యాబ్‌లోనూ తెలుగు తెలుగుగానే ఉంటుంది. కొత్తగా టైపింగ్ నేర్చుకునేవాళ్లు యూనికోడ్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

డెస్క్‌టాప్‌కు లోటు కరెంటు. మానిటర్‌తో కలిపి 120 వాట్లు అనుకుంటే రోజుకు ఎనిమిది గంటలకు దాదాపు ఒక యూనిట్, నెలకు ముప్పైకి దగ్గర. అదే పని లాప్‌టాప్ మీద చేస్తే పది యూనిట్ల చుట్టుపక్కల తేలిపోతుంది. పైగా యూపీఎస్ లేకుండా నడపకూడదు. మామూలు 600 వీఏ యూపీఎస్ పది, పదిహేను నిమిషాలు నడిపిస్తుంది, అది ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికే. అందులోని చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ చాలా ఇన్వర్టర్ల వెనక ఒక స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన ఆ రెప్పపాటుకు ఫ్యాను ఆగదు గానీ కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ మోడ్‌కు తిప్పితే సరిపోతుంది. ‘కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది’ అని మోసుకొచ్చిన వాళ్లలో కొందరి రోగం ఈ స్విచ్చే.

లాప్‌టాప్‌కు ఈ టెన్షన్ లేదు, యూపీఎస్ దాని కడుపులోనే ఉంది. హాస్టల్, క్లాసు, ఇల్లు అని తిరిగేవాళ్లకు ఇంకో దారి కూడా లేదు. కానీ ఆగిపోతే కథ వేరు. ముందుగా పోయేది మడత దగ్గరి హింజ్. తెరను ఎప్పుడూ ఒక మూల పట్టుకుని లేపేవాళ్లది తొందరగా పోతుంది. తర్వాత టీ. తర్వాత పరుపు. లాప్‌టాప్‌కు గాలి చాలావరకు అడుగు నుంచి అందాలి. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు ముట్టుకుంటుంటే, దాన్ని దూది పరుపు మీద పెట్టి సినిమా చూస్తారు. వేడి ఎక్కినకొద్దీ ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ‘స్లో అయింది’ అని తెస్తారు. బోర్డు పోయిందంటే చిప్పుస్థాయి పని చేసేవాళ్లు తక్కువ, చాలాసార్లు హైదరాబాద్ పంపాలి. వారం పట్టొచ్చు, ఖర్చు ఎంతవుతుందో ముందు చెప్పలేం.

పల్చటి మోడళ్లలో ఇంకో మెలిక ఉంది. ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. 8 జీబీతో కొంటే చచ్చేదాకా 8 జీబీయే. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట ‘ఏ కంపెనీ’ కాదు, ‘ర్యామ్ స్లాట్ ఉందా’ అని.

గేమింగ్ లాప్‌టాప్ సంగతి ఆ అమ్మాయికి విడిగా చెప్పాల్సి వచ్చింది. సీనియర్లు అదే కొనమన్నారట. అందులో గ్రాఫిక్స్ చిప్పు విడిగా ఉంటుంది, దానికి తగ్గట్టు వేడి, ఫ్యాన్ల మోత. బరువు మామూలుగా రెండు కిలోల పైనే. చార్జర్ ఇటుక ఇంకో అర కిలో. చార్జర్ పీకితే మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప. మొదటి ఏడాది సీ, పైథాన్ ప్రోగ్రాములకు దానితో పనే లేదు. తర్వాత మెషిన్ లెర్నింగ్ నేర్చుకున్నా గూగుల్ కొలాబ్ లాంటి వాటిలో బ్రౌజర్ నుంచే కొంతవరకు ఉచితంగా జీపీయూ, అంటే ఆ గ్రాఫిక్స్ చిప్పే, దొరుకుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు చేయాలంటే మాత్రం 16 జీబీ ర్యామ్ ఉండాలి, 8 జీబీతో ఓపిక నశిస్తుంది. సివిల్, మెకానికల్ పిల్లలైతే నా లెక్క మారుతుంది. రెవిట్, సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ ప్రోగ్రాములు విండోస్ మీదే నడుస్తాయి, విడి గ్రాఫిక్స్ ఉంటే వాళ్లకు నిజంగానే పనికొస్తుంది. వాళ్లు మ్యాక్‌బుక్ జోలికి పోకూడదు. మ్యాక్ బ్యాటరీ, తెర బాగుంటాయి, కాదనను. ఐఫోన్ యాప్‌లు తయారుచేయాలంటే అది ఉండాల్సిందే. కానీ కొత్త మోడళ్లలో ర్యామ్ పెంచలేం, నాబోటివాడు విప్పినా చేయగలిగింది తక్కువ. క్రోమ్‌బుక్ అని ఇంకోటుంది, తేలిక, చవక. దుకాణం లెక్కల ప్రోగ్రాం ట్యాలీ పెట్టుకుందామని కొన్నవాళ్లు తిరిగొచ్చి నన్ను తిడతారు, అందులో విండోస్ ప్రోగ్రాములు నడవవు.

సెకండ్‌హ్యాండ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, మోసం జరిగేది ఇక్కడే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ నుంచి, కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన లాప్‌టాప్‌లు మన దాకా వస్తాయి. వాటిలో మంచివి చాలా ఉన్నాయి. గట్టి బాడీ, విప్పడానికి వీలు, విడిభాగాలు దొరుకుతాయి. అయితే ‘ఐ5 ప్రాసెసర్ సార్’ అన్న ఒక్క మాటకు పడిపోవద్దు. ఐ5 అన్నది ఇంటిపేరు లాంటిది. తరం ఏదో దాని తర్వాతి నంబరు మొదట్లోని ఒకటి రెండు అంకెల్లో ఉంటుంది. 6300 అని ఉంటే 6వ తరం, 8350 అని ఉంటే 8వ తరం, 1235 అని ఉంటే 12వ తరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం గానీ ఆ పైన గానీ ఉండాలి. 6వ తరం మెషీన్లు అంత చవకగా రావడానికి అదే కారణం. ఇంట్లో పాటలకు, లెక్కలకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి వాడుకోవచ్చు. నాలుగేళ్ల చదువుకు మాత్రం వద్దంటాను.

ఇవి కాక మన చుట్టూ ఇంకా కంప్యూటర్లున్నాయి. ఆర్టీసీ కండక్టర్ చేతిలోని టికెట్ మెషీన్, రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం, చాయ్ కొట్టు దగ్గర ‘ఇరవై రూపాయలు అందాయి’ అని అరిచే స్పీకర్. ఒక్కోటి ఒక్క పనికే పుట్టింది. మీసేవలో మీ ముందున్నది డెస్క్‌టాప్, అసలు పని ఎక్కడో ఉన్న సర్వర్‌ది. ‘సర్వర్ డౌన్’ అన్నప్పుడు ఆ ఆపరేటర్‌ను కోప్పడి లాభం లేదు.

ఆ రైతుకు నేను చెప్పింది ఇది. బిడ్డ హాస్టల్లో ఉంటుంది కాబట్టి లాప్‌టాప్. ఇంటి దగ్గరి నుంచే పోయివచ్చే చదువైతే డెస్క్‌టాపే చెప్పేవాణ్ణి, అదే డబ్బుకు పెద్ద తెర, ఎక్కువ ఆయుష్షు. గేమింగ్‌ది వద్దు. మామూలుది, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, కిలోన్నర చుట్టుపక్కల బరువు. ధరలు వారం వారం మారుతున్నాయి గానీ గేమింగ్‌దానికన్నా బాగా తక్కువలోనే అయిపోతుంది. మిగిలినదాంట్లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని, నెలకోసారి ఫైళ్లన్నీ అందులో పెట్టుకోమన్నాను.

అమ్మాయి ముఖం కాస్త చిన్నబుచ్చుకుంది. తండ్రి మాత్రం వెంటనే లేవలేదు. నా టేబుల్ మీద సర్వీసింగ్‌కు వచ్చిన లాప్‌టాప్ ఒకటి అడుగు రేకు తీసి ఉంటే, పాత ట్రాక్టర్ బేరానికి పోయినప్పుడు బానెట్ ఎత్తి చూసినట్టు వంగి చూశాడు. ర్యామ్ ఏది, బ్యాటరీ ఏది, గాలి ఎటునుంచి పోతది అని వేలు పెట్టకుండా ఒక్కొక్కటే అడిగాడు. ఖాళీగా ఉన్న రెండో స్లాట్ చూపించాను.

“గీ ఖాళీ జాగ ఉన్నదే కావాలె బిడ్డా” అన్నాడు కూతురి వైపు తిరిగి. “షోరూంల నువ్వు రంగు చూసుకో. నేను కింద రేకు విప్పి చూపియ్యమంట.”