రాగి తీగ ఫోనా, ఫైబర్ ఫోనా: ఇంటికి ఏది మేలు?

తిరుపతి బైరాగిపట్టెడలో అమ్మ ఉంటున్న ఇంట్లో ల్యాండ్‌లైన్ ఫోను హాలు గోడకు ఆనించిన చెక్క స్టాండు మీద ఉంటుంది. దాని పక్కనే దారంతో పెన్సిలు కట్టిన పొడవాటి నోటుపుస్తకం, అందులో చుట్టాలందరి నంబర్లు. కిందటి ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి ఆ ఫోను నెలకొకసారైనా మూగబోతూ వచ్చింది. ఫిర్యాదు రాయిస్తే మనిషి రావడానికి ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి పది రోజులు పట్టేది. చివరిసారి వచ్చిన లైన్‌మ్యాన్ గుమ్మం పక్కనున్న చిన్న పెట్టె మూత తీసి నాకు చూపించారు. లోపలి రెండు ఇత్తడి మరల్లో ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. దాని కింది రాగి తీగ నల్లబడి, వేలితో తాకగానే పొడిగా రాలింది. "ఇది మార్చేస్తాను సార్, కానీ పిల్లర్‌లో మంచి పెయిర్లు మిగల్లేదు. మళ్లీ వాన పడితే మళ్లీ ఇదే" అన్నారాయన. పిల్లర్ అంటే వీధిలో తీగలు పంచే పెట్టె, పెయిర్ అంటే ఒక్కో ఫోనుకు వెళ్లే జంట తీగలు. ఉన్న లైనును అలాగే నెట్టుకురావాలా, లేక ఇంటర్నెట్‌తో పాటు వచ్చే ఫోనుకు మారాలా అన్న ప్రశ్న ఆ రోజు మా ఇంట్లో నిజంగా మొదలైంది.

సెల్‌ఫోను ఉండగా ఇంటి ఫోను ఎందుకని అడిగేవారు ఉంటారు. డెబ్బై దాటిన అమ్మకు సెల్‌ఫోను ఉంది. కానీ అది ఎప్పుడూ ఇంకో గదిలోనో, చార్జింగ్ అయిపోయో ఉంటుంది. ఇంటి ఫోను ఉన్నచోటే ఉంటుంది, గట్టిగా మోగుతుంది, చేతికి నిండుగా అందుతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. అందుచేత ఇంటి ఫోను ఉండాలనే అనుకుని, అది ఏ తీగ మీద రావాలన్నదే ఇక్కడ చూస్తాను.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఇంటర్నెట్ ఫోను అనే పేరుతో రెండు వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. మొదటిది, ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీయే మోడెం వెనుక ఫోను పెట్టుకోవడానికి ఒక రంధ్రం ఇచ్చి, ఎస్టీడీ కోడ్‌తో కూడిన మామూలు ల్యాండ్‌లైన్ నంబరు ఇవ్వడం. రెండోది, ఏ ఇంటర్నెట్ మీదనైనా పనిచేసే యాప్ ద్వారా మాట్లాడుకోవడం. మన దేశంలో దీనికి 2018లో లైసెన్సు నిబంధనలు సవరించి దారి ఇచ్చారు. మొదటి ఏర్పాటులో మాటలకు కంపెనీ తన నెట్‌వర్క్‌లో వేరే దారి కేటాయించి, వాటినే ముందుగా పంపిస్తుంది కనుక, పిల్లలు వీడియోలు చూస్తున్నా ఫోను మాట తెగదు. రెండోదానికి అటువంటి హామీ ఏదీ లేదు. వైఫై తడబడితే మాట కూడా తడబడుతుంది. ఇంటి ఫోనుకు బదులు అని చెప్పదగినది మొదటిదే కనుక, ఇకపై నేను ఫైబర్ ఫోను అన్నప్పుడల్లా దానినే ఉద్దేశిస్తున్నాను.

రాగి లైనుకు, ఫైబర్ ఫోనుకు మధ్య అసలైన తేడా మాట నాణ్యతలోనో, బిల్లులోనో లేదు. ఫోనుకు కరెంటు ఎవరు ఇస్తారన్న దానిలో ఉంది. రాగి లైనుకు మన ఇంటి కరెంటుతో పని లేదు. ఎక్స్ఛేంజ్‌లో వరుసగా పేర్చిన బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ ఆ రెండు తీగల మీదుగానే మన ఫోను దాకా వస్తుంది; గంట మోగించే ఏసీ కూడా అక్కడి నుంచే వస్తుంది. ఎక్స్ఛేంజ్‌కు కరెంటు పోతే బ్యాటరీలు, అవి దిగిపోయేలోపు జనరేటరు ఆదుకుంటాయి. గాలివానకు వీధి అంతా చీకటైన రాత్రి కూడా మా ఫోను మోగేది. మారదామని నేను అన్నప్పుడు అమ్మ వేసిన మొదటి ప్రశ్న కూడా అదే: "కరెంటు పోయినా ఇది మోగతాది కదా నాయనా, అది మోగతాదా?"

మోగదు, మనం ఏర్పాటు చేసుకుంటే తప్ప. ఫైబర్ గాజు తీగ. దానిలో వెలుతురు ప్రయాణిస్తుంది గానీ కరెంటు ప్రయాణించదు. అందువల్ల మోడెంకు, దాని వెనుక తగిలించిన ఫోనుకు కావలసిన విద్యుత్తంతా మన ఇంట్లోని ప్లగ్గు నుంచే రావాలి. కరెంటు పోయిన క్షణంలో మోడెం ఆరిపోతుంది, ఫోను చచ్చిపోతుంది. ఎక్స్ఛేంజ్ వారు ఇంతకాలం మోసిన బాధ్యత ఇప్పుడు మన నెత్తిన పడుతుంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన వారు ఈ మాట చెప్పరు. కనీసం మాకు చెప్పలేదు.

అయితే ఆ బాధ్యత మోయలేనంత బరువైనదేమీ కాదు. మోడెం మామూలుగా 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తుంది, ఖర్చయ్యేది సుమారు 10 వాట్లు. ఇంట్లో 150 ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఇన్వర్టరు ఉంటే, ఆ బ్యాటరీలో 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. రెండు గంటల కోతలో మోడెం వాడుకునేది అందులో 20. అంటే ఇన్వర్టరు లైను వచ్చే ప్లగ్గుకు మోడెంను మార్చితే సరిపోతుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే కలిపి ఉంటుంది. మోడెం పెట్టిన మూల ప్లగ్గుకు ఆ లైను ఉండదు. ఇన్వర్టరు లేనివారికి మోడెం కోసమే చేసిన చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. 30 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నదైతే రెండున్నర, మూడు గంటలు నెట్టుకొస్తుంది. కొనేటప్పుడు వోల్టేజీ, పిన్ను సైజు మీ అడాప్టరుతో సరిపోయేట్టు చూసుకోవాలి.

అక్కడితో పని పూర్తి కాదు. ఫైబర్ అవతలి కొసన కూడా ఒక యంత్రం ఉంటుంది, దానికీ కరెంటు కావాలి. మధ్యలో వీధి స్తంభం మీద ఉండే స్ప్లిటర్‌కు విద్యుత్తు అక్కరలేదు. అది వెలుతురును పంచే గాజు పరికరం మాత్రమే. కానీ అవతలి యంత్రం ఎక్స్ఛేంజ్ భవనంలో ఉందా, లేక కేబుల్ ఆపరేటరు అద్దె గదిలో ఉందా అన్నది చాలా ముఖ్యం. మొదటిదైతే బ్యాటరీలు, జనరేటరు ఉంటాయి; రెండోదైతే ఆ గదిలోని యూపీఎస్ ఎంతసేపు నిలబడితే మన ఫోను అంతసేపే. కనెక్షన్ తీసుకునే ముందు ఆ వీధిలో ఇప్పటికే తీసుకున్న ఇంటివారిని, కరెంటు పోయినప్పుడు నెట్ నిలుస్తుందా అని అడగడం కంటే మంచి పరీక్ష లేదు.

వానల విషయానికి వస్తే తూకం పూర్తిగా ఫైబర్ వైపు తిరుగుతుంది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు నదులైన రోజులు ఇక్కడివారెవరూ మరచిపోలేదు. భూమిలో పాతిన రాగి కేబులు జాయింట్లలోకి నీళ్లు దిగితే తీగల మధ్య కరెంటు కారిపోతుంది. మొదట లైనులో గరగర, తర్వాత పక్కవారి మాటలు, ఆపైన పూర్తిగా డెడ్. ఆరిన తర్వాత కొన్నాళ్లు బాగానే ఉంటుంది, కానీ లోపల చిలుము పెరుగుతూనే ఉంటుంది. గాజుకు చిలుము పట్టదు. పిడుగుల విషయంలోనూ అంతే: పైన వేలాడే రాగి తీగ పిడుగు దెబ్బను నేరుగా ఇంట్లోకి తెస్తుంది, ఫైబర్ తేదు. అయినా ప్లగ్గు దారిలో వచ్చే దెబ్బ మోడెంకు తగలవచ్చు గనుక, ఉరుములప్పుడు నిశ్చింతగా ఉండవచ్చని మాత్రం చెప్పను.

ఫైబర్‌కు ఉన్న రోగం వేరు. మన రాష్ట్రంలో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగానే పోతుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైన ఏపీ ఫైబర్ గ్రిడ్ కూడా కరెంటు స్తంభాల మీద లాగినదే. కొమ్మ విరిగిపడినా, ఎత్తుగా లోడు వేసుకున్న లారీ తగిలినా, స్తంభం మార్చినా తీగ తెగుతుంది. తెగగానే మోడెం మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర దీపం మిణుకుతుంది. రాగి తీగ లాగా మెలేసి అతికించడానికి వీలులేదు. గాజు కొసలను కరిగించి కలిపే స్ప్లైసింగ్ మిషనుతో మనిషి రావాలి. కానీ అతికించాక పని అయిపోయినట్టే. రాగి లైను మాదిరిగా సగం బాగు, సగం చెడు అనే స్థితి చాలా అరుదు. నా అనుభవంలో ఈ ఒక్క గుణమే ఎంతో విలువైనది.

మాట నాణ్యత గురించి ఒక అపోహ ఉంది: పాత ఫోనులో అసలు గొంతు వస్తుంది, ఇంటర్నెట్ ఫోనులో అంకెలుగా మారిన గొంతు వస్తుంది అని. ఎక్స్ఛేంజ్‌లు డిజిటల్ అయినప్పటి నుంచి పాత ఫోను మాట కూడా అంకెలుగానే ప్రయాణిస్తోంది. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, సెకనుకు 64 కిలోబిట్ల అంకెలుగా మార్చి పంపేవారు. ఆ పని ఎక్స్ఛేంజ్‌లో జరిగేది, ఇప్పుడు మన మోడెంలో జరుగుతుంది, అంతే. చాలా చోట్ల కొలత కూడా అదే. మాటను చిన్న ప్యాకెట్లుగా కట్టి పంపడానికి అయ్యే అదనపు భారం కలుపుకున్నా ఒక సంభాషణకు సెకనుకు వంద కిలోబిట్ల లోపే పడుతుంది గనుక, అతి చిన్న ప్లాను కూడా దానికి ఎక్కువే. ఆలస్యం ఒక్కటే గమనించవలసినది. మాట అవతలికి చేరడానికి సెకనులో ఏడో వంతు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోవడం మొదలవుతుంది. కంపెనీ సొంత ఫైబర్ ఫోనులో మాకు ఆ ఇబ్బంది ఎదురుకాలేదు. యాప్ ద్వారా మాట్లాడినప్పుడు ఎదురైంది.

నంబరు దగ్గర మాత్రం తొందరపడి నష్టపోయినవారు ఉన్నారు. చిత్తూరులో బెల్లం మండీ నడిపే మా మేనమామ, బిల్లు పుస్తకాల మీద, సంచుల మీద అచ్చయి ఉన్న ఆరంకెల నంబరు తనతోనే వస్తుందనుకుని కంపెనీ మారారు. రాలేదు. సెల్ నంబరును అలాగే ఉంచుకుని కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉన్నా, ల్యాండ్‌లైన్‌కు ఆ సౌకర్యం లేదు. కోడ్ అదే 08572, పాత నంబరు మాత్రం పోయింది. ఆ సీజనులో రైతులు పాత నంబరుకు చేసి చేసి విసిగిపోయారని మామయ్య ఇప్పటికీ బాధపడతారు. నంబరు విలువైనదైతే, రాగి లైను ఇచ్చిన కంపెనీ దగ్గరే ఫైబర్ తీసుకుని, పాత నంబరునే దాని మీదికి మార్చమని దరఖాస్తులో రాతపూర్వకంగా అడగడం ఒక్కటే దారి. కుదురుతుందని వారు రాసి ఇచ్చే వరకు పాత లైను రద్దు చేయకూడదు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2020 సెప్టెంబరులో ఒక పెద్ద కంపెనీ 399 రూపాయల ఫైబర్ ప్లాను తెచ్చినప్పటి నుంచి, 18 శాతం జీఎస్టీ కలిపి నెలకు 471 రూపాయల దరిలో నెట్, ఫోను రెండూ వస్తున్నాయి. ఇంట్లో నెట్ ఎలాగూ కావాలంటే ఫోను దాదాపు ఉచితమే. నెట్ అక్కరలేని ఇంటికి మాత్రం రాగి లైను అద్దె తక్కువ పడవచ్చు. సెల్ నంబరుకు ముందు సున్నా కొట్టాలన్న 2021 జనవరి 15 నాటి నిబంధన రెండింటికీ ఒకటే.

పాత పరికరాలు ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. వేలు పెట్టి తిప్పే డయలు ఫోనును అన్ని మోడెంలూ అర్థం చేసుకోవు. బరువైన లోహపు గంట ఉన్న ఫోను సరిగ్గా మోగకపోవచ్చు. ఫ్యాక్స్ నమ్మకంగా నడుస్తుందని చెప్పలేం. ఇంట్లో గోడల లోపల ఉన్న పాత ఫోను వైరునే మోడెంకు కలిపి రెండు గదుల్లో ఫోన్లు పెట్టుకోవచ్చు గానీ, అంతకు ముందు బయటి నుంచి వచ్చే రాగి తీగను పూర్తిగా విడదీయాలి. అది కలిసే ఉంటే ఎక్స్ఛేంజ్ 48 వోల్టులు వెనుక నుంచి మోడెంలోకి దూరి దానిని పాడుచేస్తాయి. పక్క వీధిలో ఒక ఇంట్లో ఇదే జరిగింది.

ఇన్నీ తూచి చూస్తే, రాగి లైను ఇప్పటికీ గరగర లేకుండా పనిచేస్తూ, పిలిస్తే లైన్‌మ్యాన్ వచ్చే వీధిలో, ఇన్వర్టరు లేని ఇంట్లో, పెద్దవాళ్లు మాత్రమే ఉంటే, దానిని ఇప్పుడే వదలవద్దని నా అభిప్రాయం. కానీ అటువంటి వీధులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వానకొకసారి మూగబోయే లైను, కరెంటు కోతలో మోగుతుందన్న నమ్మకంతో ఉంచుకోవడం అర్థం లేని పని, ఎందుకంటే వాన, కరెంటు కోత సాధారణంగా ఒకే రాత్రి వస్తాయి. అటువంటి ఇంటికి ఫైబర్ ఫోనే మేలు, మోడెం వెనుక బ్యాటరీ ఉండాలన్న షరతుతో. ఆ షరతు తీర్చలేకపోతే నా తీర్పు కూడా మారిపోతుంది.

మేము పాత కంపెనీ దగ్గరే ఫైబర్ తీసుకుని, రెండు లైన్లనూ నెల రోజులు పక్కపక్కన ఉంచాం. మోడెంను ఇన్వర్టరు ప్లగ్గుకు మార్చి, ఒక సాయంత్రం నేనే మెయిన్ స్విచ్ ఆపి, చీకట్లో నా సెల్ నుంచి ఇంటి ఫోనుకు చేశాను. మోడెం ఒకసారి ఆరి మళ్లీ వెలిగింది, రెండు నిమిషాల తర్వాత ఫోను మోగింది. ఆ రెండు నిమిషాలు కూడా పోవాలని మధ్యలో చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాం. పాత నంబరు ఫైబర్ మీదికి మారిందని అమ్మ తన నోటుపుస్తకంలోని నలుగురైదుగురికి చేసి, వాళ్లతో తిరిగి చేయించుకుని రూఢి చేసుకున్న తర్వాతే, రాగి తీగను పెట్టె దగ్గర విడదీయమని లైన్‌మ్యాన్‌కు కబురు పెట్టాం. డిపాజిట్టు రసీదు దొరికితే ఆ డబ్బు కూడా వెనక్కి అడగవచ్చని ఆయనే గుర్తుచేశారు. అమ్మ దానిని నోటుపుస్తకం అట్ట లోపలి నుంచి తీసి ఇచ్చింది.